వెనక్కి జరిపిన టోకెన్

గుప్పెడు వడ్లు తేమ మిషన్లో పోసి మూత బిగిస్తుండగా వెనకనుంచి పక్క కుప్ప రైతు సైదులు మామ గొంతు వినబడింది. "బిడ్డ చేతుల మిషనుంటే బాపు వడ్లు ఎండకేం జేస్తయి."

నవ్వింది నలుగురే. నాకు మాత్రం సెంటర్ మొత్తం నవ్వినట్టే అనిపించింది. ఆ కుప్ప మా బాపుది.

అది హుజూర్‌నగర్ దగ్గర మా ఊళ్ళో మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం. యాసంగి కోతల కాలం, నడి ఎండలు. పదో తరగతితో చదువాపేసిన నాకు అక్కడ తేమ చూసే పని దొరికితే మూడు సీజన్లు చేశాను. రైతు వడ్లు తెచ్చి ఆరబోస్తాడు. తేమ పదిహేడు శాతం దాటకుంటే నేను టోకెన్ రాసివ్వాలి. దాటితే మళ్ళీ ఎండబెట్టాలి. టోకెన్ల వరుసలోనే కాంటా మీద తూకం, ఆ తర్వాత లారీ. అందుకే టోకెన్ రాసే మనిషి మీద అందరి కళ్ళూ ఉంటాయి. నాకు నోరెక్కువ, ప్రతి కుప్ప దగ్గరా రెండు ముచ్చట్లు పెట్టందే కదలను. అందరిచేతా మంచి అనిపించుకోవాలనీ ఉండేది.

మిషన్ పదహారు చూపించింది. సైదులు మామకే చూపించాను. అయినా బాపుకు టోకెన్ రాయలేదు. తర్వాత వచ్చినవాళ్ళకు రాశాను. సాయంత్రం ఆ సంగతి చెబితే బాపు కోపం చేయలేదు.

"మాట పడొద్దు బిడ్డా. నాది ఆఖరికి రాయి."

రోజూ కొత్త కుప్పలు వస్తూనే ఉన్నాయి. ఆ ఆఖరు ఎప్పటికీ రాలేదు.

మళ్ళీ తేమ పట్టకుండా బాపు పగలంతా ఎండలో కాళ్ళతో వడ్లు తిరగేసేవాడు, మబ్బు పడితే పట్టా కప్పేవాడు. నేను ఇరవై అడుగుల దూరంలోనే ఉండేదాన్ని. సైదులు మామ దగ్గర ఆగి ఆయన మనవరాలి ముచ్చట్లు అడిగేదాన్ని. బాపు దగ్గర ఆగితే మళ్ళీ ఎవరేమంటారోనని చూడనట్టే దాటిపోయేదాన్ని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బాపే నా దగ్గరికి వచ్చాడు.

"జర తల తిరుగుతాంది బిడ్డా. దవాఖాన్ల సూపిద్దమా?"

"గీ లారీ పోనీ బాపు. రేపు పొద్దుగాల్నే పోదం."

సరేనని వెళ్ళిపోయాడు. లారీ సగం కూడా నిండకముందే వడ్ల మీద పడిపోయాడు. హమాలీలు ఎత్తి ఆటోలో పడుకోబెట్టారు. హుజూర్‌నగర్ చేరేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు డాక్టర్. ఆటోలో నా పక్కన కూర్చున్న సైదులు మామ దారి పొడుగునా ఒకటే మాట. "ఊకెనే నవ్వులాటకు అన్న బిడ్డా, ఊకెనే అన్న."

ఆయన్ని నేను తప్పు పట్టలేదు. వరుస తప్పకుండా చూడటమే నా పని. బాపు వరుస తప్పించింది నేను, అదీ నిజాయితీ అనుకుని. ఆ ఎనిమిది రోజులూ నా పొద్దంతా ఎవరేమనుకుంటారోనన్న భయానికే పోయింది. నాకు అందరికన్నా కావలసిన మనిషికి అందులోంచి గడియ కూడా ఇవ్వలేదు.

దహనమైన మర్నాడు పొద్దున సంఘం అధ్యక్షురాలు మొహమాటపడుతూనే ఫోన్ చేసింది. లారీ వచ్చిందట, తేమ చూసేవాళ్ళు లేరట. ఇంకొకరిని పెట్టుకొమ్మని చెప్పి ఫోన్ ఆపేశాను. వెళ్ళి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. పెళ్ళైన కొత్తలో బాపు తనకు సైకిల్ నేర్పబోయి కాలువలో పడేసిన సంగతి అమ్మ మొదలుపెట్టింది. మధ్యలో మాట కలపకుండా చివరిదాకా విన్నాను.