నడిమి కమాను

దోహా నుంచి లుసైల్ వెళ్లే బస్సులో ఓ ఉదయం నా పక్కన కూర్చున్నాయన ఫోన్‌లో వీడియో కాల్ చూస్తున్నాడు. తెలుగు వినపడి పలకరించాను. నిజామాబాద్ వైపు మనిషి. వాళ్ల ఊళ్లోని పాత ఎగ్జిబిషన్ హాలును, దాని చుట్టూ ఉన్న తోటను కూల్చేస్తున్నారు. తమ్ముడు గేటు దగ్గర నిలబడి అదంతా చూపిస్తున్నాడు.

"మా నాయిన నేసిన చీరెను మొదలు ఆడనే పెట్టిండ్రు సార్. మా దిక్కు మగ్గాలోళ్ల పనితనం జనం చూసిందే ఆ హాల్ల. కూల్చొద్దని ఊరంత అడిగినం. ఎవ్వలు ఇనలే."

తెర మీద పొక్లెయిన్ చెయ్యి పైకి లేచింది.

"ఇప్పుడు నడిమి కమాను మీద కొడ్తడు," అన్నాడు మెల్లగా.

అన్నట్టే కొట్టింది.

"మీకెలా తెలుసు?"

"ఈడ నా డ్యూటీ గసొంటి బండి మీదనే సార్."

నేను మళ్లీ తెర వైపు చూశాను. తోటలోని పొగడ చెట్లు దుమ్ములో కనబడకుండా పోయాయి.

"అన్నా, ఏం జెయ్యమంటవే?" అంది ఫోన్‌లో తమ్ముడి గొంతు.

ఆయన ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"జర ఎనకకు జరుగు తమ్మీ," అన్నాడు. "గోడ నీ దిక్కే పడ్తది."