మా బావా, సౌండ్ కార్డూ, ఊళ్ళోవాళ్ళ ఫ్రిజ్‌లూ

మా బావ ఇరాసిల్దోకి ఉన్నది ఒకటే జబ్బు. కంప్యూటర్ బాగుచెయ్యమని ఎవరు పిలిచినా, వెళ్ళి ముందు వాళ్ళ ఫ్రిజ్ తలుపు తీస్తాడు. కంప్యూటర్ ముందుగదిలో ఏడుస్తూ ఉంటుంది. ఈయన దాని మొహమైనా చూడకుండా తిన్నగా వంటింట్లోకి నడుస్తాడు.

బ్రెజిల్‌లోని మా బెలెం ఊళ్ళో, జురూనాస్ పేటలో, కంప్యూటర్ కొనేది లెక్కలకీ చదువులకీ కాదు, పాటలకి. గొంతున్నవాడూ లేనివాడూ ఇంట్లోనే పాట కట్టి, రికార్డు చేసి, సౌండు వాళ్ళ చేతిలో పెడతాడు. వాళ్ళు స్పీకర్లు గోడలా పేర్చి ఆదివారం డాన్సు ఆటల్లో దాన్ని మోగించారా, మర్నాటికి పేటంతా అదే పాట. అందుకని మా దగ్గర సౌండ్ కార్డు బిగించేవాడికి డాక్టరు కన్నా గిరాకీ. ఆ గిరాకీ కాస్తా మా బావ పాలబడింది. అందరూ ఆయన్ని మాస్టారంటారు. నేను అనను.

ఆయన తెచ్చి అమ్మే పాత కార్డులకి విడిగా కరెంటు తీగ ఒకటి పెట్టాలి. ఎంత పనండీ అది? పెట్టెలో వేలాడే రంగురంగుల తీగని తీసుకుని, కార్డు చివరున్న పళ్ళలోకి నొక్కడమే. చిలక్కొయ్యకి చొక్కా తగిలించడం ఇంతకన్నా కష్టం. మా బావ మాత్రం దానికి ఒక పూట తీసుకుంటాడు. ఎందుకంటే తీగ పెట్టే ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి, తలుపు తియ్యాలి, నడుం మీద చేతులు పెట్టుకుని లోపల ఏముందో చూడాలి, చూసి తిట్టాలి.

సెలూన్ వల్దెసీర్ ఇంట్లో ఏం జరిగిందో పేటంతా చెప్పుకుంటారు.

"మాస్టారూ, చెడింది కంప్యూటరండీ, ఫ్రిజ్ కాదు," అన్నాడు పాపం వల్దెసీర్.

"నువ్వు నోర్ముయ్యి. కరెంటు ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలుసు," అని తలుపు తీశాడు. లోపల బీరు సీసాలు తప్ప పచ్చిమిరపకాయ కూడా లేదు. "చూశావా? నీ ఇంట్లో కరెంటు తాగి పడుకుంది. అది లేచి కార్డు దాకా ఎలా నడుస్తుందిరా?"

వల్దెసీర్ నిజమే కాబోలనుకుని తలూపాడు. ఊళ్ళో నమ్మేవాళ్ళున్నంత కాలం ఇలాంటి మాస్టార్లకి లోటేముంటుంది!

మా ఇంటికొస్తే మరో పాట. మా ఆవిడ క్లెయిదేకి స్వయానా అన్నగారు కాబట్టి పిలవకుండానే వస్తాడు.

"ఒరే ఒస్మార్, ఇది ఫ్రిజ్జా, సంతా? ఇంత బరువు మోస్తే మోటారు కరెంటంతా తాగేస్తుంది. సౌండ్ కార్డుకి చుక్క మిగలదు."

"మా కార్డు బాగానే ఉంది బావా."

"ఇవాళ బాగానే ఉంటుంది. రేపో?"

"మరేం చెయ్యమంటావు అన్నయ్యా?" అని మా ఆవిడ భయపడింది.

"బరువు తగ్గించాలి." సంచీ కూడా వెంట తెచ్చుకున్నాడు మహానుభావుడు. వేయించిన చేపా, ఉడికించిన చిక్కుళ్ళూ, అసాయీ పళ్ళ గుజ్జు డబ్బా, అన్నీ అందులోకి దిగాయి. చేప ఉన్న నీలం గిన్నె మా అత్తగారిది. అది కూడా పోయింది. ఇంత తిండి తింటాడు కదా, మనిషి చూస్తే తాటాకులా ఉంటాడు. తిన్నది ఏ గంగలో కలుస్తుందో అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

మా పక్కవీధిలో జుసిలెనీ అని ఒక అమ్మాయి ఉంది. మొగుడు నది మీద పడవ పనికి పోయి మరి తిరిగి రాలేదు. ఇద్దరు పిల్లలు. బట్టలు కుట్టి బతుకుతుంది. ఆ అమ్మాయి గొంతెత్తిందంటే వాన కూడా కాస్త ఆగి వింటుంది. అయితే ఒంట్లో రక్తం కన్నా అభిమానం ఎక్కువ. ఒకసారి మా ఆవిడ పళ్ళెంలో చిక్కుళ్ళు పంపితే, "మేం ఇప్పుడే తిన్నాం వదినా," అని పళ్ళెం అలాగే తిప్పి పంపింది.

ఆమె పాట విని 'పిడుగు చేప' అనే సౌండు వాళ్ళు, ఆదివారం లోపల రికార్డు చేసి ఇస్తే మోగిస్తామన్నారు. అలాంటి పిలుపు జన్మకోసారి వస్తుంది. ఆ పాట నిలబడిందా, జుసిలెనీ ఆటలకి పాడుకుని పిల్లల్ని పెంచుకోవచ్చు. లేదంటే జీవితాంతం సూదీ దారమే. ఎవరో ఎరువిచ్చిన కంప్యూటర్‌కి సౌండ్ కార్డు బిగించే పని మా బావకి పడింది. ఇంకేం, అయిపోయిందనుకున్నాను.

అనుకున్నట్టే అయింది. సోమవారం కార్డు బిగించి వచ్చాడు. మంగళవారం ఈయన మా ఇంట్లో ఉండగా జుసిలెనీ పరుగెత్తుకొచ్చింది. "మాస్టారూ, పాట పైకి వెళ్ళేసరికి గొంతు తెగిపోతోంది. నా గొంతే పోయినట్టుంది."

"గొంతు కాదమ్మా, కరెంటు," అన్నాడు ఈయన తొణక్కుండా. "కార్డుకి పెట్టిన తీగలోకి బలం దిగలేదు. నేనొచ్చి చూస్తాను."

అని ఆమెని పంపేసి, మా ఫ్రిజ్ బరువు తగ్గించి బయల్దేరాడు. బుధవారం మళ్ళీ అంతే. గురువారం మళ్ళీ అంతే. అసలు తీగ పెట్టాడో, మర్చిపోయాడో! కార్డుకి ఒక తీగ పెట్టడానికి ఇన్ని రోజులు తీసుకున్నవాడు బ్రెజిల్ దేశంలో మరొకడు ఉండడు.

శుక్రవారం నా ఓపిక చచ్చింది. మా ఆవిడ ఆదివారానికని దాచిన పెద్ద చేప మాయమైన రోజది. ఆ అమ్మాయి బతుకు ఈ తిండిపోతు చేతిలో నాశనమవుతుంటే చూస్తూ ఊరుకోకూడదని, స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని జుసిలెనీ ఇంటికి వెళ్ళాను. మా బావ అప్పటికే వచ్చి వెళ్ళిపోయాడట.

"అమ్మా, ఆ మనిషికి ఏమీ రాదు. పెట్టె విప్పి తీగ నేను పెడతాను," అన్నాను.

"తీగ సోమవారమే పెట్టారుగా అన్నా," అంది జుసిలెనీ.

నమ్మకుండా విప్పాను. తీగ కార్డులో బిగుతుగా కూర్చుని ఉంది. కదిలిపోకుండా నల్ల టేపు కూడా చుట్టాడు. నేను పెట్టినా అంత శుభ్రంగా ఉండదు.

"మరి రోజూ వచ్చి ఏం చేస్తున్నాడు?"

"పెట్టె మళ్ళీ ముట్టుకోలేదన్నా. ఫ్రిజ్జే చూస్తున్నారు. మొదటిరోజు తలుపు తీసి తెగ తిట్టారు. ఫ్రిజ్ ఖాళీగా ఉంటే డొల్ల డబ్బాలా మోగుతుందట, ఆ మోత తీగల్లోంచి సౌండ్ కార్డులోకి ఎక్కి పాటని తినేస్తుందట. అందుకని రోజూ సామాను తెచ్చి నింపుతున్నారు. రేపటికి ఖాళీ చేసి ఉంచమంటారు, పాతది ఉంటే పనిచెయ్యదట. పారెయ్యడం ఎందుకని మేమే తింటున్నాం."

నేను వంటింట్లోకి చూశాను. పిల్లలిద్దరూ నేలమీద కూర్చుని, కర్రపెండలం పిండి చల్లుకుని చేప తింటున్నారు. మధ్యలో మా అత్తగారి నీలం గిన్నె. తలెత్తి నన్ను చూసే తీరిక కూడా వాళ్ళకి లేదు.

గొంతు ఎందుకు తెగిందో అప్పుడు నాకు తెలిసింది. కడుపులో ఏమీ లేకుండా పైశ్రుతి ఎవరికి అందుతుంది? పళ్ళెంలో పెట్టి పంపితే తిప్పి పంపే మనిషికి, మా బావ అదే తిండిని సౌండ్ కార్డు సామానని చెప్పి తినిపిస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, ఆ తాటాకు మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

జుసిలెనీ నా చేతిలో స్క్రూడ్రైవర్ వంక చూసి, మెల్లగా అడిగింది. "నిజం చెప్పన్నా. మాస్టారు చెప్పింది నిజమేనా? చేప పెడితే మోత తగ్గుతుందా?"

తలెత్తి సూటిగా చూస్తోంది. లేదన్నానా, నీలం గిన్నె కడిగి ఆ క్షణమే నా చేతిలో పెడుతుంది.

గొంతు సవరించుకున్నాను. "తగ్గుతుందమ్మా. కానీ మా బావకి పని సగమే తెలుసు. చేప బండమోతని మాత్రమే ఆపుతుంది. సన్నమోత ఆగాలంటే కోడి పెట్టాలి."

"కోడా?"

"అవును, వండిన కోడి. సాయంత్రం మీ వదిన తెచ్చి పెడుతుంది. నువ్వు ఫ్రిజ్ తలుపు తీసి ఉంచు, చాలు."

ఆమె వంటింట్లో తింటున్న పిల్లల వైపు చూసింది. తర్వాత, "సరే అన్నా, పాట కోసమైతే సరే," అంది.

శనివారం పాట రికార్డయింది. ఆదివారం మధ్యాహ్నం వాన వెలిసింది. 'పిడుగు చేప' వాళ్ళు పాట పెట్టారు. జుసిలెనీ గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఎక్కడా తెగలేదు. జనం చేతులెత్తి గంతులేశారు. పాట అయిపోతే ఊరుకోక, మళ్ళీ పెట్టించుకున్నారు.

పక్కనే మా బావ గర్వంగా నా భుజం తట్టాడు. "విన్నావురా ఒస్మార్? ఆ పైశ్రుతి ఉంది చూశావూ, అది మన చేప."

"నీకేం తెలుసు, మొహం," అన్నాను. "చేప అడుగునే ఆగిపోయింది. అంత పైకెక్కింది నా కోడి. పద మాస్టారూ, మా ఫ్రిజ్ మళ్ళీ బరువెక్కింది."