గాలి పోని గుడారం

మా ఇంటి వెనక స్థలం నాలుగు సెంట్లు. నా సైకిల్ షాపులో కూర్చుని చెప్పేటప్పుడు అది నలభై సెంట్లు అయ్యేది. వినేవాడు ఊరికి కొత్తవాడైతే అందులో ఒక నుయ్యి, నూతిలో ఒక తాబేలు, ఆ తాబేలు వీపు మీద చెక్కిన మా తాతగారి పేరు కూడా ఉండేవి. పంక్చరుకి ఎంతసేపు పడుతుందో కథకీ అంతే పట్టాలి. ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగ కోసం చూసేటప్పుడు మొదలుపెట్టాలి, సొల్యూషన్ ఆరేసరికి మలుపు తిప్పాలి, గాలి కొట్టేసరికి ముగించాలి. ఇరవై ఏళ్ళు అలాగే నడిపాను. ఇప్పుడు సైకిళ్ళు తగ్గిపోయాయి, మోకాళ్ళు అరిగిపోయాయి, కథ సగంలో ఉండగానే ఆయాసం వచ్చేస్తోంది. చెప్పే ఓపిక లేకే దీన్ని రాస్తున్నాను. ఇందులో తాబేలు లేదు.

తొంభైల చివర్లో సంగతి. మా ఆవిడది చింతపల్లి దాటాక కొండ మీద ఒక ఊరు. మామగారు మిషను బడిలో మాస్టారు. అత్తగారు ఇంటి ముందు డేలియాలు పెంచేవారు. క్రిస్మస్ నాటికి అవి విరగబూసేవి. పొద్దున్నే కోసి చర్చిలో పాస్టరుగారి బల్ల మీద పెట్టడం వాళ్ళింటి ఆడవాళ్ళ హక్కు. పెళ్ళయి ఘాటీ దిగి నర్సీపట్నం వచ్చినప్పుడు మా ఆవిడ పెట్టెలో చీరల మధ్య గోనెగుడ్డలో చుట్టిన డేలియా దుంపలు ఉన్నాయి. చిలగడదుంపలనుకుని ఉడకబెట్టమన్నాను. మా కాపరంలో మొదటి తగువు అదే.

పైకీ కిందకీ బస్సులో రెండు గంటల దూరం. కానీ పైన దుప్పటి కప్పుకున్న రోజున మేం కింద విసనకర్ర తిప్పుకుంటాం. ఆ దుంపలకి మా ఊరు పడలేదు. ప్రతి వేసవికీ కొన్ని పోయేవి. పోయినప్పుడల్లా అత్తగారు మళ్ళీ పంపేవారు. తరవాత ఆవిడా పోయారు. ఆ ఇల్లు వేరేవాళ్ళు కొనుక్కుని, కాఫీ గింజలు ఆరబోసుకోడానికి ముంగిలంతా గచ్చు చేయించేశారు. ఇంక పైనుంచి దుంప వచ్చే దారి లేదు.

ఒక మార్చి నెలలో మా ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"రెండే మిగిలాయండీ. ఈ ఎండలికి అయ్యీ పోతే మాయమ్మ పువ్వు ఇంక నేదన్నట్టే."

అని మళ్ళీ రాళ్ళు ఏరుకోవడంలో పడింది. ఏడ్చి ఉంటే ఓదార్చి ఊరుకునేవాణ్ణి. ఏడవలేదు. అదే నా కొంప ముంచింది.

ఆ ముందురోజే పకోడీలు కట్టిచ్చిన కాగితంలో ఒక బొమ్మ చూశాను. ఎవరో తెల్లదొర, దొరసాని. వాళ్ళ చుట్టూ అరచందమామలా వంచిన కమ్మీల మీద ప్లాస్టిక్ కప్పిన పొడుగాటి గుడారం. లోపల వరసగా పువ్వులు, అచ్చం డేలియాల్లాగే. కింద రాసిందంతా నూనెలో తడిసి కనబడలేదు. కానీ ఒకటి మాత్రం స్పష్టంగా కనబడింది. వాళ్ళిద్దరూ స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. అంటే లోపల చలిగా ఉందన్నమాట! ప్లాస్టిక్ కప్పితే లోపల చలి పుడుతుందన్నమాట! చలి అంటే మాకు తెలిసింది ఒక్కటే, ఘాటీ ఎక్కితే వచ్చేది. అది లేనిచోట స్వెట్టరు ఎవరైనా ఎందుకు వేసుకుంటారు?

"దానికో ఉపాయం ఉంది," అన్నాను. "ప్లాస్టిక్ ఇల్లు కట్టాలి. వ్యవసాయం ఫారంలో నా కళ్ళతో చూసొచ్చాను. లోపలికి అడుగుపెట్టేసరికి ఒణుకొచ్చేసింది నాకు."

బియ్యం చేట కింద పెట్టింది. "నిజింగా సూసారా?"

"నిజంగా."

"మీ షాపు కబురు కాదు కదా?"

"నీ తోడు."

మా ఆవిడ నా కథలు నమ్మదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నమ్మిన కథ ఇదొక్కటే. ఆ క్షణంలో ఆవిడ ముఖం చూసి, పకోడీల కాగితం సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సోమవారం నుంచి నా ఒళ్ళు హూనం. సంతలో వెదురు అమ్మే కొండాయన దగ్గరికి వెళ్ళి, వంగే బొంగులు కావాలన్నాను. ముసలాయన. చుట్ట పక్కకి తీసి అడిగాడు.

"ఏటికి బాబూ?"

"గుడారానికి. లోపల చల్లగా ఉండాలి."

"దేంతో కప్పుతావు?"

"ప్లాస్టిక్‌తో."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "సల్లదనానికి మేం గడ్డి కప్పుతాం బాబూ. నేదంటే పాదు ఎక్కిత్తాం. గాజులాటిది కప్పుకుంటే సల్లగుంటాదేటి?"

"నీకు తెలీదులే. ఇది పెద్ద చదువుల వాళ్ళు కనిపెట్టింది."

"అలగే బాబూ," అని బొంగులు చీల్చి బద్దలు చేసి ఇచ్చాడు. "మూడు రోజులు నీల్లల్లో నానెయ్యి. తడవని బద్ద ఒంగదు, ఇరుగుతాది."

మూడు రోజులు ఆగడానికి నాకు తీరికేదీ! మొదటి బద్ద వంచుతుంటే టప్పున విరిగి మోచేతికి తగిలింది. రెండోది గడ్డానికి తగిలింది. మూడోదానికి బుద్ధొచ్చి, మిగతావాటిని పక్కింటి కండక్టరు గారి గేదె కుడితి తొట్టెలో పడేశాను. ఆయన నన్ను బావా అంటాడు, చుట్టరికం ఏమీ లేదు. మూడో రోజున గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏటి బావా, మా గేద ఎదురు తింటాదనుకున్నావా?"

"నానబెట్టాను బావా."

"నానెట్టి ఏటి సేత్తావు, పులుసా?"

రోజంతా షాపులో వంగుని పని చేసి, సాయంత్రం వచ్చి పెరట్లో మళ్ళీ వంగునేవాణ్ణి. మూరెడు లోతు గోతులు పన్నెండు తవ్వాను. మా నేలలో జానెడు కిందే గులకరాయి. గునపం దెబ్బకి భుజం మీద చెయ్యి వేస్తే ఓర్చుకోలేని నొప్పి. ఆరు బద్దలు విల్లులా వంచి నాటి, వెన్ను మీద ఒక పొడుగు బొంగు కట్టాను. కట్టడానికి తాడు కొనలేదు, పాత ట్యూబుల ముక్కలు షాపులో గుట్టలుగా ఉన్నాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిని, మా ఆవిడ ఒక అంచు పట్టుకుంటే నేనొకటి పట్టుకుని తెల్ల పాలిథీన్ కప్పాం. కండక్టరు బావ గోడ మీద చేరాడు.

"బావా, నర్సీపట్నానికి రైలు రాదని పెట్టి నువ్వే కట్టేసావా? ఇంజను ఎప్పుడొత్తాది?"

మా ఆవిడ నవ్వుతూ అంది. "నవ్వకండి అన్నియ్యగారూ. ఈయన ఫారంలో సూసొచ్చారు."

ఆ మాట నాకు గునపం దెబ్బ కంటే గట్టిగా తగిలింది.

గుడారం కట్టాక నా అసలు పనితనం చూపించాను. జీవితమంతా గాలి పోకుండా చూడటమే కదా నా వృత్తి. ఏసీ గదికి తలుపులు ఎందుకు మూస్తారు? చలి బయటికి పోకూడదని. అందుకని అంచులన్నీ మట్టిలో పూడ్చాను. బద్ద గీరుకున్నచోటల్లా సొల్యూషన్ రాసి ట్యూబు ముక్క అంటించాను. వాకిలికి రెండు మడతల పరదా వేసి అంచుకి ఇటుకలు పెట్టాను. తరవాత సబ్బు నీళ్ళు తెచ్చి అతుకులన్నిటికీ రాసి, బుడగ లేస్తుందేమోనని మోకాళ్ళ మీద పాకుతూ చూశాను. ఎక్కడా బుడగ లేదు. మా జిల్లాలో అంత గట్టి పంక్చరు ఎవరూ వేసి ఉండరు. ఇది షాపు కబురు కాదు.

ఆ దుంపలు మొలిచిన కుండీలు రెండూ లోపల పెట్టాం. మర్నాడు తెల్లవారాక మా ఆవిడ నన్ను కుదిపి లేపింది.

"ఏవండీ, బేగి రండి, సూడండి!"

గుడారం లోపలి వైపంతా నీటి చుక్కలు. వేలితో తాకితే జారి చేతి మీద పడుతున్నాయి. మా ఆవిడ తడిసిన అరచేతిని చెంపకి ఆనించుకుంది. "మంచు కురిసిందండీ. మా ఊర్లో తెల్లారగట్ల ఇలగే ఉంటాది," అంది.

నేను చెప్పిన అబద్ధం చింతపల్లి నుంచి బయల్దేరి ఘాటీ దిగి మా పెరట్లోకి వచ్చేసిందని ఆ పూట నేనూ నమ్మాను. షాపులో వచ్చిన ప్రతివాడికీ మా పెరట్లో మంచు కురిసిందని చెప్పాను. ఒకడైతే గాలి కొట్టించుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

బుధవారం మా ఆవిడ చెల్లెలికి ఒంట్లో బాగోలేదని మాకవరపాలెం వెళ్ళింది. వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మద్దినం ఒకపాలి సూడండి మొక్కల్ని."

"చూస్తానులే," అన్నాను. చూడలేదు. చూడాలంటే పరదా తియ్యాలి, తీస్తే చలి పోతుంది. మూడు రోజులపాటు ఆ పరదా తియ్యకుండా ఎంత నిష్ఠగా ఉన్నానో నాకే తెలుసు. ఎండలు చూస్తే ఆ వారమే ముదిరాయి. షాపు ముందు తారు రోడ్డు మెత్తబడి సైకిల్ స్టాండు దిగబడుతోంది. పాపం, మొక్కలు మాత్రం చల్లగా ఉన్నాయని అనుకున్నాను.

శనివారం సాయంత్రం ఆవిడ వస్తుందని, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు పరదా తీశాను. ముందుగా వాసన వచ్చింది. తోటకూర ఉడికేటప్పుడు మూత తీస్తే వచ్చే వాసన. తల లోపల పెట్టేసరికి కళ్ళద్దాల మీద ఆవిరి పట్టేసింది. తుడుచుకుని చూశాను. రెండు మొక్కలూ కుండీ అంచు మీంచి తడి గుడ్డల్లా వేలాడుతున్నాయి. మట్టి తవ్వి దుంప పట్టుకుంటే వేళ్ళు లోపలికి దిగిపోయాయి. పెళ్ళయిన కొత్తలో ఉడకబెట్టమన్నాను కదా, ఆఖరికి నేనే ఉడకబెట్టాను.

భోజనం చెయ్యలేదు. షాపుకీ వెళ్ళలేదు. పెరట్లో ఇటుక మీద కూర్చుని ఆవిడ వచ్చేలోపు ఒక కథ అల్లుదామని చూశాను. కండక్టరు బావ గేదె గోడ దూకింది. గేదె గోడ ఎలా దూకుతుంది? కోతులు వచ్చాయి. కోతులు వస్తే పరదా చిరగాలి కదా? చింపుదామని లేచాను. చెయ్యి ఆడలేదు. సబ్బు నీళ్ళు రాసి చూసుకున్న అతుకులు అవి. మళ్ళీ కూర్చున్నాను. వారం రోజుల నొప్పులన్నీ ఒక్కసారే ఒంట్లోకి దిగాయి. పకోడీల కాగితానికి ఇంత చాకిరీ చేశానా అనిపించింది. ఇంకో అబద్ధం కట్టాలంటే దానికీ గోతులు తవ్వాలి, బద్దలు వంచాలి. నా వల్ల కాదనిపించింది.

ఆవిడ సంచీ చేత్తోనే పెరట్లోకి వచ్చింది. పరదా తీసి ఉండటం చూసింది, నన్ను చూసింది.

"నేను ఏ ఫారంలోనూ చూళ్ళేదే," అన్నాను. "పకోడీల కాగితంలో బొమ్మ చూశాను. వాళ్ళు స్వెట్టర్లు వేసుకున్నారు. రెండూ ఉడికిపోయాయి."

ఆవిడ గుడారంలోకి వెళ్ళి, కుండీల దగ్గర కూర్చుని, చాలాసేపు ఆ ఆకుల్ని వేళ్ళతో సర్దుతూ ఉండిపోయింది. బయటికి వచ్చేసరికి ముఖమంతా చెమట. కన్నీళ్ళున్నాయో లేవో తెలియలేదు. వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళ కుండ కింద మేం తడి ఇసక పోస్తాం, కుండ కదలకుండా, నీళ్ళు చల్లగా ఉండేలా. కుండ దించి, ఆ ఇసకలో చెయ్యి పెట్టి తవ్వి ఒక దుంప తీసింది. గట్టిగా ఉంది. మెడ దగ్గర చిన్న మొటిమంత మొలక కళ్ళు.

"మూడు మిగిలాయి," అంది. "మీకు రెండని సెప్పాను."

నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"అలగ సూడకండి. మీతో పద్దెనిమిదేళ్ళు కాపరం సేసాను. ఒక్క అబద్దం ఆడ్డం రాదేటి నాకు?"

"మరి ఫారం సంగతి నమ్మావు కదా?"

"నమ్మాను." దుంపని మళ్ళీ ఇసకలో పెట్టి కుండ ఎత్తింది. "అందుకే రెండిచ్చాను. నేకపోతే ఒక్కటీ ఇద్దును కాదు."

తరవాత మూడు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. ఉప్పు, నూనె, తలుపు వెయ్యండి. నాలుగో రోజున పాలిథీన్ తీసెయ్యమంది. అంత గట్టిగా వేసిన అతుకుల్ని నా చేత్తోనే కోశాను. కట్టడానికి పట్టినంత సేపే పట్టింది ఊడదియ్యడానికీ. మిగిలిన ముక్క కండక్టరు గారింట్లో వేసవి జల్లులకి వడియాల మీద కప్పుకోడానికి పనికొచ్చింది. వాళ్ళావిడ ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటూనే ఉంటుంది. నా జీవితంలో ఆవిడ మెచ్చింది అదొక్కటే.

వెదురు బద్దలు మాత్రం ఉంచమంది. తొలకరికి వాటి కింద ఆనప పాదు పెట్టి పైకి ఎక్కించింది. సంతలో కొండాయన చెప్పిందే చేసింది, ఆయన్ని ఎప్పుడూ చూడకుండానే. దసరాలు దాటాక, ఆ పాదు నీడ పలచగా పడేచోట చూసి, ఆఖరి దుంపని తనే పాతింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. నీళ్ళు తోడి ఇవ్వడం వరకే నా పని. డిసెంబరులో తెల్లవారుజామున ఆనపాకుల మీంచి మంచు చుక్కలు కింద మొక్క మీద పడేవి. ఈసారి అది మంచే. నేను ఎవరికీ చెప్పలేదు.

ఒకటే మొగ్గ వచ్చింది. క్రిస్మస్‌కి విచ్చుకోలేదు. కొత్త సంవత్సరం ఆరాధన నాటికి విచ్చుకుంది. ఎర్రది, అంచుల్లో కొంచెం తెలుపు. ఆవిడ తడి గుడ్డలో పెట్టుకుని నడిచింది, వెనక నేను. పాస్టరుగారి బల్ల మీద గాజు గ్లాసులో పెట్టింది. పెద్ద బంతిపూల గుత్తుల పక్కన అదొకటి ఉందని ఎవరూ గమనించలేదు. ప్రసంగం అయినంతసేపూ మేమిద్దరం మాత్రం దాన్నే చూశాం. నాకైతే మధ్యలో కునుకు పట్టింది. మోచేత్తో పొడిచి లేపింది.

మర్నాడు షాపులో ట్యూబు నీళ్ళలో ముంచుతుంటే, ఎప్పుడూ వచ్చే పాలాయన అడిగాడు. "ఏటి గురూ, మీ పెరట్లో కొండ పువ్వు పూసిందట కదా. ఎంతుంటాదేటి?"

"నిమ్మకాయంత," అన్నాను.

ఆయన కాసేపు ఎదురుచూశాడు. సొల్యూషన్ ఆరింది. ముక్క అంటించాను. చక్రం బిగించాను.

"అంతేనా?" అన్నాడు.

"అంతే," అని పంపు అందుకున్నాను.