సాంచెల మర కోసిన తుపాకి

మొన్న కళ్ల పరీక్షకని జగిత్యాల పోతుంటే మల్యాల దాటాక బస్సు చెడిపోయి, మమ్మల్నందరినీ రోడ్డు పక్కన దింపేశారు. నిలబడే ఓపిక లేక ఒక మక్కచేను, అదే మొక్కజొన్న చేను, గట్టున కూలబడ్డాను. అంతలో చేను నడుమ నుంచి ఎవరో హోయ్ హోయ్ అని కేకలేస్తూ రేకుడబ్బా వాయించడం మొదలుపెట్టారు. తీరా చూస్తే మనిషి లేడు, కర్రకు కట్టిన మైకుపెట్టె ఒకటి ఉంది. అడవిపందులు రాకుండా కేకలను అందులో నింపి పెడతారని, బ్యాటరీ ఉన్నంతసేపు అదే అరుస్తుంటుందని పక్కనున్న రైతు చెప్పాడు. నాకెందుకో ప్రాణం ఉసూరుమంది. నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, ఒకప్పుడు ఆ కేక వేయడానికి మనిషి కావలసి వచ్చేది, మా ఇంట్లో ఆ మనిషి మా నాన్న, మా బాపు.

మాది రుద్రంగి. మా చేను గుట్టను ఆనుకుని ఉండేది కాబట్టి పంట కాపలాకు బాపు దగ్గర లైసెన్సు తుపాకి ఒకటి ఉండేది, మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపుది. దానితో పందులను కొట్టింది తక్కువ, గాలిలోకి పేల్చి బెదరగొట్టిందే ఎక్కువ. గొట్టం వెనుక చివరను మరతో బిగించే ఇనుప బిరడా ఒకటి మూసి ఉంచుతుంది. తెలంగాణ కావాలని మొదటిసారి అందరూ రోడ్డెక్కిన ఆ ఏడాది, సరిగ్గా మక్క నాటిన రోజుల్లో, ఆ మర చుట్లు అరిగిపోయి, పేల్చినప్పుడల్లా పొగ వెనక్కి వచ్చి బాపు ముఖానికి కొట్టేది.

కోరుట్లలో తుపాకులు బాగుచేసే ముసలి మిస్త్రీ ఉండేవాడు. కళ్లద్దాలకు దారం కట్టుకుని, ముందు లైసెన్సు పుస్తకం చూసి గానీ తుపాకిని ముట్టుకునేవాడు కాదు. బిరడాకు దీపం మసి పూసి బిగించి, తీసి, మసి చెరిగిన చోట మాత్రమే ఆకురాయితో ఒక్క గీత గీసి మళ్లీ మసి పూసేవాడు. ఆ పని చూస్తూ కూర్చుంటే నాకు ఆవులింతలు వచ్చేవి. "తొందరపడకు కొడుకా, గిది బోరింగు పైపు గాదు, మొఖం కాడ వెట్టుకునేది" అనేవాడు. మా తుపాకి పని మొదలైందో లేదో గొడవలు ముదిరాయి. తుపాకుల దుకాణాలు మూసేయమని పోలీసులు చెప్పడంతో ఆయన ఎవరి తుపాకి వాళ్లకు తిరిగి ఇచ్చేశాడు. మళ్లీ తెరిచేదాకా ఆగుదామన్నాడు బాపు.

ఆగడం నా వల్ల ఎక్కడవుతుంది! జగిత్యాలలో మా కాలేజీ మూతపడి, పొద్దంతా ఊరేగింపుల్లో తిరుగుతూ, లోకమంతా నా గొంతు మీదే నడుస్తున్నదనుకునే వయసు. నినాదాలిచ్చి గొంతు పోతే మా అమ్మ మిరియాల పాలు ఇచ్చేది, రెండు రోజులకు మళ్లీ వచ్చేది. ముసలాయనది ఉత్త చాదస్తమనుకుని, బాపుకు చెప్పకుండా తుపాకిని గోనెపట్టాలో చుట్టి, లైసెన్సు పుస్తకం జేబులో పెట్టుకుని, బస్సులు లేకపోతే సైకిలు మీదనే సిరిసిల్లకు పోయాను. అక్కడ మా మేనమామ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు. సాంచెల సామాను చేసే లేతు మనిషి ఆయనకు స్నేహితుడు. ఆ ఊళ్లో ఏది విరిగినా, ఏది వదులైనా అతని దగ్గరికే పోయేవాళ్లు. మొహమాటానికి కాదనలేక, గొట్టం లోపల కాస్త గీకి కొత్త మర కోసి, బోల్టు ఒకటి బిగించి, చాయ్ కూడా తాగించి పంపాడు. గంట కూడా పట్టలేదు. కదలకుండా కూర్చున్న ఆ బోల్టును చూసి నేనెంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంటికి తెచ్చి చూపిస్తే బాపు దాన్ని వేలితో తడిమి చూసి, కోరుట్ల మిస్త్రీ చూడనిదే మందు పోయనన్నాడు. ఇరవై రోజులు తిరగకముందే దుకాణం తెరిచారు. మిస్త్రీ బోల్టు విప్పి, గోటితో చుట్లు లెక్కపెట్టి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ఎవడు కోసిండురా? గిది సాంచెల మర, మందు దెబ్బకు ఆగది. ఇంక సరిగ్గ కోద్దమంటె గొట్టంల ఇనుమే మిగల్లే. పేలిస్తె మీ బాపు మొఖం ఉండది."

బాపు నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. "పోనీ తియ్యి, నోరున్నది గదా, మొత్తుకుంట" అని మాత్రం అని గోనెపట్టా మళ్లీ చుట్టాడు.

మక్క పాలుపోసుకున్నప్పటి నుంచి కోతదాకా మంచె మీద నిలబడి ఆయన కేకలు వేశాడు. నన్ను పక్కన ఉండనిచ్చాడు గానీ, చదువుకునేవాడివి నీకెందుకని కేక మాత్రం వేయనివ్వలేదు. సగం పంట దక్కింది. ఆయన గొంతు మాత్రం పోయింది. అమ్మ మిరియాల పాలు ఎన్ని రోజులు ఇచ్చినా మళ్లీ రాలేదు. నా పెళ్లికి చుట్టాలను పిలిచింది, నా బిడ్డకు పేరు పెట్టి చెవిలో మూడుసార్లు చెప్పింది ఆ బొంగురు గొంతుతోనే.

ఇప్పుడు కోరుట్లలో ఆ దుకాణం లేదు, బాపు లేడు. మేము అడిగిన రాష్ట్రం మా ముసలితనంలో వచ్చింది, పందులు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఇంకో బస్సు వచ్చేదాకా ఆ పెట్టె అలుపులేకుండా అరుస్తూనే ఉంది. ఎవరి గొంతో గానీ నిండుగా ఉంది. గొంతు పోకముందు బాపు పిలిస్తే వాగు అవతలికి వినపడేదని ఊళ్లో వాళ్లు చెప్పుకునేవారు. ఆ గట్టు మీద కళ్లు మూసుకుని ఎంత ప్రయత్నించినా నాకు బొంగురు గొంతే వినిపించింది గానీ, అంతకు ముందుది ఎట్లా ఉండేదో గుర్తుకు రాలేదు.