అత్తమ్మ అరచేతిలో గ్రహణం

సూర్యగ్రహణం చూపిస్తానని బడిపిల్లలకు గొప్పగా మాటిచ్చాను. బిచ్కుందలో టీచర్లకు శిక్షణ పెట్టి, గ్రహణం మీద చిన్న పుస్తకం పంచారు. చీకటి గదిలోకి సన్నటి రంధ్రంలోంచి ఎండ రానిస్తే గోడమీద సూర్యుడి బొమ్మ పడుతుందని అందులో ఉంది. అన్నీ చదివాను గానీ, నాకప్పుడు ఏడో నెలన్న సంగతి మర్చిపోయాను.

అత్తమ్మ మర్చిపోలేదు. గ్రహణం రోజు పొద్దున్నే నన్ను ముందు గదిలో పడుకోబెట్టి, తలుపేసి, కిటికీకి దుప్పటి కట్టి, తనూ కాపలా కూర్చుంది.

"పుస్తకంల ఏమన్న రాయనియ్యి. నువ్వు కదలొద్దు బిడ్డా."

ఒళ్లు గోక్కోనివ్వలేదు కూడా. బాన్సువాడ మొత్తంలో ఇంత మొండిమనిషి నాకే దొరకాలా అని పళ్లు నూరుకున్నాను. వాకిట్లో పిల్లలు "టీచర్, షురువైంది!" అని అరుస్తుంటే ఏడుపొచ్చింది.

అప్పుడు చూశాను. తూర్పు తలుపుకి పాత గొళ్లెం ఊడినచోట మేకు రంధ్రం ఉంది. అందులోంచి వచ్చిన ఎండ ఎదురు గోడమీద కొరికిన రొట్టెలా పడింది. పుస్తకం అడిగిన చీకటి గదిని అత్తమ్మే తయారుచేసి పెట్టింది!

ఆమె అదిరిపడి, ఆ వెలుగు నామీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది. సూర్యుడు చిన్నగా ఆమె అరచేతిలోకి వచ్చాడు. చెయ్యి తియ్యలేదు. చాలాసేపు దాన్నే చూసింది.

"కాలుతలేదు. గింతేనా ఇది?"

ఆమె తొలిచూలు కొడుకు గ్రహణం మొర్రితో పుట్టి, పాలు తాగలేక చనిపోయాడని నాకు తెలుసు. తెలియంది అప్పుడే చెప్పింది.

"గ్రహణం నాడు వంకాయ కోసిన్నని అందరు నన్నే అన్నరు. గిన్నేండ్ల సంది నేనే సంపిన్ననుకుంటున్న."

నా కోపమంతా ఎటు పోయిందో. క్లాసులో గడగడా ఒప్పజెప్పే మాటే, ఆ రోజు మెల్లగా చెప్పాను. "నీ తప్పేం లేదత్తమ్మా. గ్రహణం ఏం చెయ్యదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ముందు తలుపు తెరిస్తే చీకటి పోతుందని వంటింటి వైపు నుంచి పిల్లల్ని లోపలికి పిలిచింది. నన్ను మాత్రం మంచం దిగనివ్వలేదు. గ్రహణం విడిచేదాకా చెయ్యి చాపి నిలబడి, "సూడు బిడ్డా, ఏం గాదు, సూడు," అని ఒక్కొక్కరికీ చెబుతూనే ఉంది.