నౌపడ మడుల్లో నీలి కడియం

పోయిన చలికాలం నౌపడ ఉప్పు మడుల్లో ఒక ఉల్లంకి పిట్ట కాలికి నీలి కడియం చూశాను. వలస జాడ తెలియడానికి పరాయి దేశపు శాస్త్రజ్ఞులు తొడిగినదని పక్షుల సంఘానికి రాస్తే, కార్యదర్శి పోస్టుకార్డు మీద ఒకే వాక్యం పంపాడు: "మీ బైనాక్యులర్స్ చాలవు." ఆ కార్డు దాచుకున్నాను.

ఈ ఏడాది దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే స్పాటింగ్ స్కోపు కొందామని విశాఖ దుకాణం నుంచి రెండు తెచ్చాను, ఒకటి వారంలో తిరిగి ఇచ్చే మాట మీద. పెద్దది అరవై రెట్లు చూపిస్తుంది, చిన్నది ఇరవైకే ఆగుతుంది. "చిన్నది పిల్లలకండీ," అన్నాడు దుకాణదారు. అదీ మర్చిపోలేదు.

పలాసలో ఆరు గంటల ప్యాసింజరు నలభై నిమిషాలు ఆలస్యం. ఎదురుగా జీడిపప్పు సంచీతో కూర్చున్నాయన నా ముక్కాలి స్టాండు చూసి, "సర్వేకా బాబూ? రోడ్డు మా తోటలోంచి తియ్యకండి," అన్నాడు. పిట్టల కోసమన్నాను. "పిట్టలకీ సర్వేయేటి!" అని పెట్టెంతా వినేలా నవ్వాడు.

నౌపడలో ఇడ్లీ తిని, ఆటోలో మడులు చేరేసరికి తొమ్మిదిన్నర. పెద్ద స్కోపు బిగించాను. పిట్ట దొరికేలోగా గట్టు దాటిపోయేది. పదిన్నరకి ఆ మాత్రం కూడా కనిపించలేదు. అద్దంలో అంతా నీళ్ళలా కదిలింది. దగ్గర్లో ఉప్పు లాగుతున్న ఎర్రమ్మ అనే ఆవిడ పార ఆపి చూసింది.

"ఎండెక్కితే మడులు ఉడుకుతాయి బాబూ. ఎంత పెద్దది సేత్తే అంత మరుగుతాది. ఆ సిన్నదానితో సూడు."

చిన్నదాంట్లో గట్టు మొత్తం కనిపించింది. మూడో గట్టు మీద ఉల్లంకి, కాలికి నీలం. బొమ్మ చిన్నదే కాని నిలకడగా ఉంది. నీలానికి ముడి ఉంది, ముడి కింద కొస వేలాడుతోంది. కడియానికి ముడి ఉండదు.

ఎర్రమ్మ కూడా కన్ను పెట్టింది. "ఇది మా నూలే! ఎవరి మడి ఎవరిదో తెలవాల కదా, గుంజలకి పాత వల నూలు కడతాం. నీలం మాది, పచ్చ మా మావది. తెగిన ముక్కలు పిట్టల కాళ్ళకి సుట్టుకుంటాయి. దీనికోసమేటి ఇంత దూరం వచ్చినావు?"

పెద్ద స్కోపు పెట్టి మళ్ళీ చూశాను. నీళ్ళే కదిలాయి.

ఒంటిగంటకి టెక్కలిలో భోజనం చేసి, పోస్టాఫీసులో కార్డు కొన్నాను. పలాస బస్సులో కుదుపుల మధ్యే కార్యదర్శికి రాశాను: "అది కడియం కాదు, వల నూలు. ఈ సంగతి చెప్పింది ఎర్రమ్మ, మీరు కాదు." ఇక మీదట పిట్టల కోసం వెళ్ళేవారు తొమ్మిదిలోపే మడులు చేరాలి, చిన్న స్కోపే పట్టుకెళ్ళాలి. పెద్దది దుకాణానికి తిరిగిచ్చేస్తాను.

బస్సు దిగగానే కార్డు పోస్టు డబ్బాలో వేశాను. కార్యదర్శి పంపిన పాత కార్డు మాత్రం పారెయ్యలేదు. బైనాక్యులర్స్ చాలవన్న మాట నిజమే. కాని ఒక్క వాక్యమే రాశాడు, ఏది చాలుతుందో రాయలేదు.