ఎర్రదారం కట్టిన కంజు పిట్టలు

నా చిన్నప్పుడు, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ సంవత్సరం, నాకు తొమ్మిదేళ్లు. మేము మహబూలాలో ఒక మూడంతస్తుల బిల్డింగులో ఉండేవాళ్లం. నాన్న షుఐబా రిఫైనరీలో మెకానిక్. ఆయన ప్లాంటు మూతపడింది, నా బడీ మూతపడింది. ఇండియా వెళ్లే బస్సుల జాబితాలో మా పేర్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడటం ఒక్కటే పని.

పై అంతస్తులో మా కోనసీమ మనిషే ఒకాయన ఉండేవాడు. చుట్టం కాదు గానీ బాబాయ్ అని పిలిచేవాణ్ణి. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పన్నెండేళ్లుగా డ్రైవరు. వేటంటే ఆయనకు పిచ్చి. ఊళ్లో ఉండగా గోదావరి లంకల్లో పిట్టలు పట్టేవాడట. ఇక్కడ శుక్రవారాలు కఫీల్‌తో, అంటే ఆ ఇంటి యజమానితో, కలిసి ఎడారికి వెళ్లేవాడు. కఫీల్ ఏ దేశంలోనో వేటాడి జింక మాంసం తెచ్చినా, విందుకు టర్కీ కోడి వచ్చినా, ఆ ఇంట్లో వండేది ఈయనే. జింక మాంసంలో కొవ్వుండదు కాబట్టి నూనె పట్టించి సన్నసెగ మీద ఉంచాలి. టర్కీ కోడిని ముందురోజే ఉప్పునీళ్లలో నానబెట్టాలి. కంజు పిట్టకు ఉప్పూ మిరియాలూ చాలు, మసాలా దట్టిస్తే పిట్టను అవమానించినట్టే. ఇవన్నీ నేను నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకునేవాణ్ణి. జాబితాల జబ్బు నాకప్పటికే ఉంది.

ఆ ఆగస్టులో కఫీల్ కుటుంబం సెలవులకని వేరే దేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో మిగిలింది కఫీల్ తల్లి ఒక్కతే. సల్వా ఇంట్లోకి సైనికులు దిగేలోపే బాబాయ్ ఆవిడను మా బిల్డింగుకు తీసుకొచ్చి తన గది ఇచ్చేశాడు. తను బయట మెట్ల దగ్గర చాప వేసుకున్నాడు. ఆయన ఆవిడను వాళ్ల భాషలో మామా, అంటే అమ్మా, అనేవాడు, మేమూ అలాగే అనేవాళ్లం. డెబ్బై దాటిన మనిషి. రోజూ రొట్టే పప్పే కావడంతో ముద్ద దిగక, చూస్తుండగానే చిక్కిపోయింది. బాబాయ్ దిగులంతా అదే.

సెప్టెంబరులో కంజు పిట్టలు వచ్చాయి. చలిదేశాల నుంచి రాత్రంతా ఎగిరి, అలిసిపోయి తెల్లవారేసరికి పొదల్లో వాలతాయి. తుపాకీ అన్న మాట ఎత్తకూడని రోజులు. సముద్రపు ఒడ్డంతా సైనికుల కందకాలు. బాబాయ్ మా బిల్డింగు వెనకున్న ఖాళీ జాగాలో, పొదల మధ్య, సన్నటి వల కట్టాడు.

మామా హలాల్ చేసిందే తింటుంది. అంటే పిట్ట బతికుండగానే దేవుడి పేరు చెప్పి కోయాలి. ఆ పని మా బిల్డింగు కాపలాదారు, బంగ్లాదేశ్ భాయ్ చేసేవాడు. వలలోనే చచ్చిన పిట్టలు మా గిన్నెలోకి, భాయ్ కోసినవి మామా గిన్నెలోకి. కలిసిపోకుండా, ఆయన కోసినవాటి కాళ్లకు నేను ఎర్రదారం కట్టేవాణ్ణి. నోటుబుక్కులో రెండు గడులు గీశాను: బతికినవి, చచ్చినవి. ఎండెక్కకముందే వల దగ్గరికి వెళ్లి పిట్టల్ని విడిపించడం కూడా నా పనే. ఆలస్యమైతే అవి గింజుకుని, మెడకు దారాలు బిగుసుకుని చచ్చిపోతాయి.

ఒకరోజు బాబాయ్ చీకటితోనే రొట్టెల వరసలో నిలబడటానికి వెళ్లాడు. వెళ్తూ, “మామాకి ఇయ్యాల కడుపునిండా పెడదాం, ఏరా?” అన్నాడు. ఆయ్ అన్నాను. ఆయన అటు వెళ్లగానే, పాడైన ట్రాన్సిస్టరు ఒకటి విప్పుకుని కూర్చున్నాను. మరలన్నీ వరసగా పేర్చి, మళ్లీ బిగించేసరికి ఎండ గోడ దిగింది.

వలలో పదమూడు పిట్టలున్నాయి. నాలుగే కదులుతున్నాయి.

ఆ నాలుగూ భాయ్ చేతికిచ్చాను. మిగతా తొమ్మిదింటినీ నీళ్లట్యాంకు వెనక్కి తీసుకెళ్లి నా పెన్సిలు చెక్కే బ్లేడుతో మెడలు కోశాను. రక్తం రాలేదు. పదమూడింటికీ ఎర్రదారాలు కట్టి అమ్మకిచ్చాను. బతికినవి గడిలో 13 అని రాశాను.

మధ్యాహ్నం అందరం పై అంతస్తులో చాప మీద కూర్చున్నాం. చాలా రోజులకు మామా ఇష్టంగా తింది. ఇంకొకటి వెయ్యమని కంచం చాపింది. అప్పుడే బాబాయ్ నాలుగు రొట్టెలతో వచ్చాడు. “పదమూడా! వేటగాడివైపోయావురా నువ్వు!” అని నా నెత్తిన మొట్టి, ఆవిడకు పళ్లు సరిగా లేవని ఎప్పటిలాగే పిట్టను తుంచి పెట్టబోయాడు. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఎముక పక్కన మాంసం గడ్డకట్టిన రక్తంతో నల్లగా ఉంది; బతికుండగా కోసిన పిట్టలో రక్తం అలా నిలవదు.

నావైపు ఒక్కసారి చూశాడు. భాయ్ కూడా చూశాడు, “నేను కోసింది నాలుగే” అని హిందీలో మొదలుపెట్టాడు.

“నువ్వుండు భాయ్,” అన్నాడు బాబాయ్. తర్వాత ఆవిడ ముందు నుంచి కంచం తీసేసి, తనకొచ్చిన అరబిక్‌లో చెప్పాడు: “తినకు మామా. చచ్చినవి కలిసిపోయాయి. పొద్దున వల విప్పింది నేనే. తప్పు నాది.”

మామా నోట్లో ముద్ద అరచేతిలోకి ఊసింది. నీళ్లడిగి చాలాసేపు పుక్కిలించింది. “తెలీక తిన్నాను, అల్లా క్షమిస్తాడు. ఖలాస్, అయిపోయింది. నువ్వు కూర్చో” అంది. అమ్మ నావైపు చూడకుండా గిన్నె ఎత్తుకెళ్లిపోయింది.

కోప్పడలేదు కదా, అయిపోయిందనుకున్నాను. మర్నాటి నుంచి మామా ఏది తినబోయినా, ఆఖరికి ఉత్త పప్పైనా, బాబాయ్‌ని కాకుండా భాయ్‌ని చూసి అడిగేది: “నువ్వు చూశావా?” ఆయన చూశానంటేనే ముద్ద ఎత్తేది. ఆ జవాబు వచ్చేదాకా, పన్నెండేళ్లు ఆవిడకు వండిపెట్టిన మనిషి తల దించుకుని కూర్చునేవాడు. మా బస్సు వచ్చేలోపు పదకొండుసార్లు అడిగింది. లెక్క నా దగ్గరుంది.

తిట్టు కోసం ఎదురుచూశాను, రాలేదు. ఒక సాయంత్రం బాబాయ్ నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. 13 కొట్టేసి, ఒక గడిలో 4, ఇంకో గడిలో 9 రాశాడు. పక్కన ‘ఎండెక్కింది’ అని రాశాడు. “చూసిందే రాయరా అబ్బాయ్,” అని ఇచ్చేశాడు.

బయల్దేరే రోజు మామా దారిలో తినమని ఖర్జూరాలు నా జేబులో కుక్కి, నుదుటి మీద ముద్దు పెట్టింది. చెప్పేద్దామనుకున్నాను. అరబిక్ రాదు కదా అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. చెప్పడానికి ‘తప్పు నాది మామా’ అనే మూడు మాటలు చాలు. ఆ మూడూ నాకు వచ్చు.

బాబాయ్ యుద్ధమయ్యాక కూడా ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లోనే చేసి, ఊరికి వచ్చేశాడు. ఉద్యోగంలో చేరాక ఒక సెలవులో వెళ్లి ఆయనతో అంతా చెప్పాను. నవ్వాడు. “నాకెందుకురా చెప్పడం? నాకారోజే తెలుసు. చెప్పాల్సింది ఆవిడకి.” ఆవిడ చివరిదాకా అలాగే అడిగేదా అన్నాను. నా కోసం తెచ్చిన కంజు పిట్టల మీదికి మిరియాలు దంచడానికి లేచాడు.

ఇప్పుడు నేనూ షుఐబాలోనే పని చేస్తున్నాను. పైపుల మందం కొలిచి పట్టికలో రాయడం నా ఉద్యోగం. ఎక్కి కొలవలేని చోట పక్క పైపు అంకెనే వేసేస్తే ఎవరికీ తెలియదు. నేను ‘చూడలేదు’ అని రాస్తాను. మేనేజరు విసుక్కుంటాడు. ఏం చెయ్యను, ఆ గడిలో పెన్ను పెట్టబోయిన ప్రతిసారీ ఒక ముసలి గొంతు నన్నే అడుగుతుంది, నువ్వు చూశావా అని.